గళ్ళ కాగితాలు

గంగూరు హాస్టలు, విజయవాడ
జూన్ 29, ఆదివారం

అత్తా,

“పూజ్యురాలైన” అని మొదలుపెడితే నవ్వుతావని మానేశాను. ఇక్కడ ఫోను లేదు. ఆదివారం నాలుగు నిమిషాలు వార్డెను ఫోన్లో నాన్నతో మాట్లాడాలి, ఆవిడ పక్కనే కూచుంటుంది. అందుకే ఈ ఉత్తరం. మా సెక్షన్లో అనఘ అని తాడిగడప నుంచి రోజూ వచ్చిపోయే అమ్మాయి ఉంది, తనే పోస్టు చేస్తుంది. నువ్వు కూడా కింద రాసిన వాళ్ళింటి అడ్రసుకే రాయి. హాస్టలుకి రాయొద్దు.

విషయం ఏమిటంటే, నేను మళ్ళీ జపనీసు మొదలుపెట్టాను.

తిట్టుకో. పదో తరగతి సెలవుల్లో నాన్న నా చెయ్యి మగ్గం మీద పెట్టించి, ఇంటరు అయ్యేదాకా ఆ పుస్తకం ముట్టనని ఒట్టు వేయించుకున్నప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు. “ఒక మగ్గం మీద ఒకేసారి రెండు చీరలు నేస్తారా?” అన్నాడు. ఫస్టియరంతా ముట్టలేదు అత్తా. ఇప్పుడు తప్పాను. ఎందుకంటే బందరులో మాకు జపనీసు చెప్పిన శాంభవి మేడం కబురు చేశారు. జపానులో నేత, అద్దకం నేర్పే కాలేజీ ఉందట. చేరాలంటే నాలుగో స్థాయి పరీక్ష పాసవ్వాలి. అది డిసెంబరు 7న చెన్నైలో. ఈ డిసెంబరు దాటిందంటే నాన్న నన్ను ఇంజనీరింగులో వేసేస్తాడు. ఇక దాంట్లోంచి నేను బయటికి రాను.

మూడొందల కంజీలు రావాలి. అంటే వాళ్ళ బొమ్మల్లాంటి అక్షరాలు. రోజుకి అరవై చొప్పున ఎక్కిస్తున్నాను. తెల్లారేసరికి ఆరు కూడా మిగలడం లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డిజైను గ్రాఫు కాగితాల మీదే రాస్తున్నాను, చిన్నప్పటి నుంచీ చెయ్యి ఆ గళ్ళకే అలవాటు. శనివారం శనివారం పెట్టెలు సోదా చేస్తారు. అందుకని రాసినవి రాసినట్టు నీకు పంపిస్తాను, దాచిపెట్టు. నాన్నకి తెలియనివ్వకు.

నీ ధన

*

పెడన
జూలై 8

ధనా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. నన్ను కూడా దొంగని చేశావు. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ నిన్ను ఈ చేతులతో పెంచాను, మీ నాన్న నాకు తమ్ముడు. ఎవరి పక్కన నిలబడాలో తేలక రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఏం అనుకున్నానంటే, పాసయితే నేనే వాడికి చెబుతాను, ఫెయిలయితే ఎవరికీ చెప్పేది లేదు. సరేనా.

ఇక రోజుకి అరవై ఎవరు చెప్పారే నీకు? నేను చదివింది ఏడో తరగతే గానీ ఇది మాత్రం చెప్పగలను. పాత పడుగు అయిపోయిందని అచ్చు పళ్ళ సందుల్లోంచి పోగులన్నీ లాగి పారేస్తామా? జానెడు వదిలేస్తాం. కొత్త పడుగులో ఒక్కొక్క పోగునీ ఆ పాత పోగుకి మెలేసి అతుకుతాం. నేను పొద్దుట కూచుంటే సాయంత్రానికి రెండు వేల పోగులు అతుకుతాను, ఒక్కటి ఊడదు. ప్రతి కొత్తదానికీ పట్టుకోవడానికి పాతది ఒకటి ఉంది గనక. నువ్వు పాతదాన్ని తెగ్గోసి కొత్తది గాల్లో పెడుతున్నావు. నిలబడమంటే ఎక్కడ నిలబడుతుంది?

రోజుకి ఐదు చాలు. అవి మొదలెట్టే ముందు నిన్నటి ఐదూ చూడకుండా రాయి. కొత్తదాంట్లో పాతదాని ముక్క ఏదైనా కనిపిస్తే అక్కడే ముడెయ్యి. కాగితం మీద తారీకు వేసి నాకు పంపు. నేను దాన్ని వారం తర్వాత తిరిగి పంపిస్తాను, నెలకి మళ్ళీ పంపిస్తాను. అక్షరాలు కనపడకుండా మడిచి వెనకవైపు మళ్ళీ రాయి. తప్పినవాటికి ఎర్ర చుక్క పెట్టు. చుక్క ఉన్నవాటిని నాలుగు రోజులకే పంపిస్తా. నాకు ఆ భాష రాదు గానీ తారీకులు వచ్చు.

కాగితాలేమిటని మీ నాన్న అడిగాడు. “పిల్ల ఖాళీగా ఉన్నప్పుడు అంచు డిజైన్లు వేసి పంపుతోంది” అన్నాను. నోటికి వచ్చింది అదే. ఊఁ అని ఊరుకున్నాడు.

అత్త వెంకటరావమ్మ

*

విజయవాడ
ఆగస్టు 24

అత్తా,

నూట తొంభై అయ్యాయి. ఇకమీదట రోజూ రాసే ఐదింట్లో కొత్తవి ఒకటో రెండో, మిగతావి తప్పినవే. నిన్న నువ్వు పంపిన జూలై కాగితాల్లో ముప్ఫై అయిదింటికి మూడే తప్పాను. పుస్తకంలో పేజీలు తిరగేస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉండేది, వెనకవైపు ఖాళీ గళ్ళు చూస్తే గానీ ఏది వచ్చో ఏది రాదో తేలడం లేదు. ఇక్కడ లెక్చరర్లెవరికీ తెలియని కిటుకు నీకు ఎలా తెలిసింది?

మాటలు కూడా అలాగే చేస్తున్నాను. విడిమాటలు బట్టీపట్టడం మానేసి, రోజుకి నాలుగు వాక్యాలు పెదవులు కదిపి పైకి చదువుతున్నాను. వాక్యం వరస మనదే అత్తా, పనిమాట చివర్లో వస్తుంది. అనఘ సరదాకి నాతో పాటు చదివి చూసింది, ఇంగ్లీషులోంచి ఆలోచించి తికమక పడింది, నేను తెలుగులోంచి వెళ్తున్నాను.

టైం మాత్రం లేదు. ఐదింటికి లేపుతారు, పడుకునేదాకా బెల్లులే. తిండికి నలభై నిమిషాలు ఇస్తారు. పదిహేను నిమిషాల్లో తినేసి పాతిక నిమిషాలు మెస్సు వెనక మెట్ల మీద చదువుతాను. కెమిస్ట్రీ అట్ట వేసుకున్నాను పుస్తకానికి.

నువ్వు నెట్ సెంటరుకి వెళ్ళి పరీక్ష ఫారం నింపించావని కాగితాలతో వచ్చిన చీటీలో చూశాను. నీ కాళ్ళకి దండం. ఇప్పుడు అసలు చిక్కు వినుకో. శనివారం, డిసెంబరు 6న పొద్దున్నే చెన్నై రైలు పినాకిని ఎక్కాలి. అవుట్‌పాసు మీద నాన్న సంతకం కావాలి, పైగా డీన్ గారు నాన్నకి ఫోన్ చేసి అడుగుతారు. ఏం చెయ్యాలో నువ్వే ఆలోచించు. ఎవరో పోయారని మాత్రం చెప్పించొద్దు.

నాన్న ఫోన్లో ఎప్పుడూ ఒకటే అడుగుతాడు, తిన్నావా అని. తిన్నాను అంటాను. వార్డెను వాచీ చూసుకుంటుంది.

ధన

*

పెడన
అక్టోబరు 7

ధనా,

కొంప మునిగింది. కూచుని చదువు.

దసరాకి మగ్గం కడిగి, పసుపు రాసి, పూజ చేసుకున్నాం. మర్నాడు కొత్త పడుగు ఎక్కించాక మీ నాన్న నా దగ్గరకొచ్చి, “అక్కా, పిల్ల డిజైన్లు వేస్తోందన్నావుగా, ఏవీ, ఇలా తే” అన్నాడు. లేవంటే ఎలా? మూడు నెలలుగా నా ట్రంకుపెట్టె నిండా అవే. పెట్టె గుమ్మంలోకి లాక్కుని వెలుతురుకి కూచున్నాడు. ఒక పూటంతా చూశాడే, ఒక్కొక్కటీ. నేను వంటింట్లోంచి తొంగి తొంగి చూస్తూనే ఉన్నాను.

చివరికి ఆగస్టు 11 కాగితం తీశాడు. దాంట్లో మూడోది. ఎడమపక్క రెండు వాలు గీతలు, వాటికింద ఒక నిలువు గీత. కుడిపక్క అడ్డగీతలు పేర్చి, కింద ఒక కొక్కెం, చిన్న చుక్క. “ఇది చెంగు మీద బుటాగా వేస్తాను” అన్నాడు. వేస్తున్నాడు. డిజైను అట్టలకి చిల్లులు కొట్టించకుండా చేత్తోనే, పోగు పోగూ లెక్కపెట్టుకుంటూ. రోజుకి ఒక్కటి కూడా తెమలడం లేదు.

నేను ఒక అబద్ధం ఆడాను, అది మగ్గమెక్కి కూచుంది. ఆ చీర బయటికి పోయి, ఎవరైనా చదవగలిగినవాడు చూసి “ఇదేమిటి రాంబాబూ” అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? మీ నాన్న సంగతి నీకు తెలుసు, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఇప్పుడే చెప్పేద్దామా? నువ్వు ఊఁ అంటే ఈ పూటే చెప్పేస్తాను.

అత్త

*

విజయవాడ
అక్టోబరు 10

అత్తా,

వద్దు. చెప్పొద్దు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

రెండు నెలలు కూడా లేవు. ఇప్పుడు చెబితే ఆదివారానికల్లా నాన్న వచ్చి పుస్తకం పట్టుకుపోతాడు. ఒట్టు తప్పానని ఒక్క మాట కూడా తిట్టడు, అది ఇంకా భరించలేను. డిజైన్లని చెప్పింది నువ్వు. నేను దాచమన్నాను గానీ ఆ అబద్ధం ఆడమన్నానా? దాచిపెట్టమంటే నాన్న చేతికి ఇచ్చావు.

ఆ అక్షరానికి అర్థం ఎదురుచూడ్డం. మూడొందల్లో అదే దొరికిందా ఆయనకి. ఎలాగైనా ఆపు. దారం రంగు బాగాలేదను, షావుకారుకి నచ్చదను, ఏదో ఒకటి చెప్పు.

నేను బాగానే ఉన్నాను. చదువు బాగానే సాగుతోంది. సెక్షను కూడా అదే. నా గురించి అడగొద్దు, ఆ చీర సంగతి చూడు. డిసెంబరు 6 గురించి నువ్వు ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు.

ధన

*

పెడన
నవంబరు 9

ధనా,

నెల్లాళ్ళు ఉత్తరం రాయలేదు. కోపం వచ్చింది, అందుకే. కాగితాలు మాత్రం తారీకు తప్పకుండా పంపాను.

కోపం తీరింది. ఇప్పుడు భయంగా ఉంది. ఆగస్టులో కాగితానికి ఒక ఎర్ర చుక్క ఉండేది. అక్టోబరు మూడో వారం నుంచి చుక్కలే చుక్కలు, ఆటలమ్మ పోసినట్టు. మొదట్లో వచ్చినవి కూడా తప్పుతున్నావు. వారానికి ఏడు కాగితాలు రావాల్సింది, పోయిన వారం మూడు వచ్చాయి. పాతవి ఊడిపోతున్నాయంటే కొత్తవి వెయ్యడం ఆపి అతుకులు చూసుకోవాలి. నీకు ఆ మాత్రం తెలుసు. అయినా చెయ్యడం లేదంటే మరేదో ఉంది.

మీ నాన్న కూడా మొన్న అడిగాడు, “పాపకి ఒంట్లో బాగుందటా?” అని. బాగుందట అన్నాను. “నీకు రాసిందా?” అన్నాడు. రాసింది అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి వెళ్ళిపోయి మగ్గంలో కూచున్నాడు. ఈ మధ్య పోస్టు వచ్చిందంటే కవరు తనే అందుకుంటున్నాడు. ఉత్తరం నాకిచ్చి కాగితాలు చూస్తున్నాడు, డిజైను కోసమని. చీర అయిపోయింది. షావుకారుకి ఇవ్వలేదు. మడతపెట్టి బీరువాలో పెట్టాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

డిసెంబరు 6 సంగతి. సంతకం నేను గీకగలను గానీ గీకను. డీన్ ఫోన్ చేస్తే వాడి గొంతు నేను తేలేను. నిజం చెప్పడం తప్ప దారి లేదు, ఎప్పుడు చెప్పాలన్నదే మిగిలింది. దానికంటే ముందు నువ్వు నాకు నిజం చెప్పు. నా దగ్గర ఏం దాస్తున్నావు?

అత్త

*

విజయవాడ
నవంబరు 23

అత్తా,

ఇదే ఆఖరి కవరు. దీంట్లో కాగితాలు లేవు.

దసరా అయ్యాక వారం పరీక్షల్లో నా ర్యాంకు పడిపోయింది. కింది సెక్షనుకి మార్చారు. నీకు అబద్ధం రాశాను. ఆ సెక్షనుకి సాయంత్రం స్టడీ అవర్ ఇంకో గంట పెంచారు. మెట్ల మీద పాతిక నిమిషాలు చాలలేదు. అందుకని తిండి మానేసి నలభై నిమిషాలూ చదివాను. మొదట పొద్దున టిఫిను మానేశాను, తర్వాత రాత్రి భోజనం కూడా. ఆకలేస్తుందని కాదు గానీ, రాస్తున్న అక్షరం రాస్తూ ఉండగానే మర్చిపోయేదాన్ని. నాన్న ప్రతి ఆదివారం తిన్నావా అని అడిగేవాడు. తిన్నాననే చెప్పాను.

నవంబరు 3న అసెంబ్లీలో పడిపోయాను. నాన్నకి ఫోన్ చెయ్యొద్దని వార్డెను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. 15న సోదాలో పుస్తకం దొరికింది. డీన్ గారు కెమిస్ట్రీ అట్ట చింపి, అందరి ముందూ పైకెత్తి చూపించారు. మూడు రోజులు క్లాసు బయట నిలబెట్టారు. పుస్తకం ఆయన బీరువాలో ఉంది. డిసెంబరు 8 నుంచి హాఫ్ ఇయర్లీ, వాటిలో గట్టెక్కకపోతే నాన్నని పిలిపిస్తామన్నారు.

రెండొందల తొంభై దాకా వచ్చాను అత్తా. ఇంకో పది. అది తలుచుకుంటేనే ఏడుపొస్తోంది. నేను పరీక్షకి వెళ్ళను. ఎలా వెళ్తాను? ఒట్టూ తప్పాను, చదువూ చెడగొట్టుకున్నాను. అందరికీ చెబుతాడు కదా నాన్న, మా పాప విజయవాడలో చదువుతోందని.

కాగితాలన్నీ పొయ్యిలో పెట్టెయ్యి. నాన్నకి ఏమీ చెప్పకు. నీకు రాసిన అక్టోబరు ఉత్తరంలో అలా మాట్లాడినందుకు క్షమించు.

ధన

*

పెడన
నవంబరు 28

ధనశ్రీకి నాన్న రాసేది.

నాకు ఉత్తరాలు అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. నీ ఉత్తరం అక్క నా చేతిలో పెట్టి వాకిట్లోకి వెళ్ళి కూచుంది. చదివాక మిగతాదంతా చెప్పింది. ఆవిడ్ని ఏమీ అనలేదు. నువ్వూ అనకు.

అవి డిజైన్లు కావని నాకు మొదటి కవరులోనే తెలుసు. అంచు డిజైనంటే ఇటు ఎన్ని గళ్ళుంటే అటు అన్ని గళ్ళుండాలి, చివర మొదటికి కలవాలి. అందులో ఒక్కటీ కలవదు. ముప్ఫై ఏళ్ళుగా గ్రాఫు చూసి నేస్తున్నవాడికి ఆ మాత్రం తెలియదనుకున్నారు అత్తా కోడళ్ళు. బందరు మేడం దగ్గర నువ్వు గీసినవి కూడా నాకు గుర్తే. నువ్వే చెబుతావని ఊరుకున్నాను. ఐదు నెలలు ఊరుకున్నాను. కోపం వచ్చింది, లేదనను. పరీక్ష అయ్యాక దాని గురించి మాట్లాడుకుందాం.

ఒట్టు సంగతి. మగ్గం నాది, కాబట్టి ఒట్టు తీసే హక్కు కూడా నాదే. దసరా పూజలో కొబ్బరికాయ కొట్టినప్పుడు నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. అది తీశాకే నీ అక్షరం మగ్గం మీద ఎక్కింది, లేకపోతే ఎక్కనివ్వను. నీ చెయ్యి రోజూ ఏం పని చేస్తోందో నా చేతికి కూడా తెలియాలని నేశాను. చాలా కష్టమైన పని అమ్మా. ఒక్కదానికే నాకు రోజున్నర పట్టింది. నువ్వు రోజుకి ఐదు చేస్తున్నావు, లెక్కలు, ఫిజిక్సు పక్కన పెట్టుకుని. అప్పుడే నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు, అది నా తప్పు.

ఇంకో తప్పు కూడా చేశాను. అక్టోబరు 13 నుంచి నీ గీత మారింది. అంతకుముందు గీత గడి అంచున మొదలై గడి అంచున ఆగేది. ఆ రోజు నుంచి ఆగడం లేదు, జారి పక్క గడిలోకి పోతోంది. మీ అమ్మ ఆస్పత్రిలో ఉన్న నెల నేను నేసిన ముక్క ఒకటి ఇంట్లో ఉంది. అందులో పోగులు కూడా అలాగే జారాయి. అది తిండి లేని చెయ్యి. చూడగానే తెలిసింది. ఫోన్లో అడిగితే తిన్నానన్నావు. అక్కని అడిగితే బాగుందట అంది. మీ ఇద్దరి మాటా నమ్మి నా కన్నుని నమ్మలేదు.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. ఈ ఉత్తరం అందిన దగ్గర్నుంచి మూడు పూటలా తిను. వార్డెనుకి ఈ పూటే ఫోన్ చేశాను, పక్కన కూచుని చూస్తానంది. కొత్త అక్షరాలు వద్దు. ఆ పదీ పోతే పోనీ. వచ్చినవి ఊడకుండా చూసుకో.

వచ్చే శనివారం, 6న పొద్దున ఐదింటికి నేను గేటు దగ్గరుంటాను. డీన్ గారితో మాట్లాడాను. సంతకం ఆయన ఎదురుగానే పెడతాను, పుస్తకం కూడా ఇప్పించుకుంటాను. ఆదివారం పరీక్ష అవగానే బండెక్కితే సోమవారం పొద్దుటికి వచ్చేస్తాం. హాఫ్ ఇయర్లీ కూడా రాయాలి. సీటు సంగతి, ఏ దేశం సంగతి, తర్వాత. మార్కులెన్ని వచ్చినా కింది సెక్షను గురించి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను, నువ్వూ చెప్పుకోకు.

కాగితాలు కాల్చలేదు. తారీకుల వరసన పేర్చి, చుక్కలున్నవి పైన పెట్టి కట్ట కట్టాను. రైల్లో ఆరు గంటలు ఉంటాం. నువ్వు చూడకుండా వెనకవైపు రాయి. నేను చదవలేను గానీ గళ్ళు లెక్కపెట్టగలను. పాతదాంట్లో ఎన్ని ఉన్నాయో కొత్తదాంట్లో అన్ని లేకపోతే తప్పని చెబుతాను.

అత్త పులిహోర చేసి ఇస్తానంది, పెరుగన్నం కూడా. నా ఎదురుగా తినాలి.

రాంబాబు

మళ్ళీ గుర్తొచ్చి రాస్తున్నాను. ఆ చీర పట్టుకొస్తాను, రైల్లో చలేస్తే కప్పుకుందువుగాని. చెంగు మీద వేసిన అక్షరానికి అర్థమేమిటని అక్కని అడిగాను. తెలుసట గానీ చెప్పనంది, నిన్నే అడగమంది. బండెక్కాక చెప్పు.